పాత ఊరిని నడిచి చూపించడం ఎలా? హెరిటేజ్ వాక్‌కి అడుగడుగు మార్గదర్శి

రాజమండ్రిలో ఆదివారం పొద్దున్నే పదిమందిని వెంటబెట్టుకుని పాత వీధులు తిప్పడం మొదలుపెట్టాక, నన్ను ఎక్కువమంది అడిగింది చరిత్ర గురించి కాదు. "మా పాలకొల్లులోనూ ఇలా చేయాలనుందండీ, ఎక్కడ మొదలుపెట్టాలి?" అని ఒకరు. "నరసాపురంలో మాకు తెలిసిన మేస్టారు ఉన్నారు. ఆయన చెబుతారు, మేం నడిపిస్తాం. సరిపోతుందా?" అని ఇంకొకరు.

సరిపోదు. చెప్పడం వేరు, నడిపిస్తూ చూపించడం వేరు. ఈ రెండోదానికి తయారీ ఎలా ఉండాలో, ఏది ముందో ఏది తర్వాతో, ఎక్కడ పొరపాట్లు జరుగుతాయో వరసగా రాస్తున్నాను. ఉదాహరణలు రాజమండ్రివి. పద్ధతి మాత్రం ద్రాక్షారామానికీ, యానాంకీ, మీ ఊరికీ పనికొస్తుంది.

1. ఊరంతా వద్దు, ఒక్క ముక్క తీసుకోండి

మొదటిసారి చేసేవాళ్లు గుడి, కోట, వంతెన, గ్రంథాలయం, ఆనకట్ట అన్నీ ఒకే పొద్దుటి పూట చూపించేద్దామనుకుంటారు. అలా చేస్తే జనానికి గుర్తుండేది ఎండ ఒక్కటే.

కిలోమీటరున్నర, మహా అయితే రెండు కిలోమీటర్ల ముక్క ఎంచుకోండి. అందులో కనీసం మూడు వేర్వేరు కాలాల ఆనవాళ్లు కళ్లకు కనిపించాలి. ఎంచుకునే ముందు ఇవి చూసుకోండి:

- నడక మొదలయ్యే చోటు ఎవరికైనా తెలిసినదేనా? ఆటోవాడికి ఒక్క మాట చెబితే తీసుకురావాలి.
- పదిమంది గుంపుగా నిలబడినా ట్రాఫిక్‌కి అడ్డం రాని జాగాలు ఉన్నాయా?
- మధ్యలో నీడ, టీ కొట్టు, ఆడవాళ్లు వాడుకోదగ్గ టాయిలెట్ ఉన్నాయా?
- చివర దగ్గర బస్సో ఆటోనో దొరుకుతుందా?

మూడోది లేకపోతే ఆ ముక్క వదిలేసి ఇంకోటి చూడండి. ఈ విషయంలో నేను రాజీ పడను. అరవై దాటినవాళ్లు, పిల్లల తల్లులు రాలేని నడక సగం నడకే.

2. నోటుబుక్‌లో మూడు గడులు గీయండి

మొత్తం పనిలో ముఖ్యమైన అడుగు ఇదే, అందుకే కాస్త ఎక్కువ చెబుతాను.

పేజీని నిలువుగా మూడు గడులు చేయండి. మొదటి గడిలో మీరు కళ్లతో చూసింది. రెండో గడిలో శాసనంలోనో, గెజిటీర్‌లోనో (జిల్లా వివరాలతో సర్కారు వేసిన పుస్తకం), దస్తావేజులోనో చదివింది. మూడో గడిలో ఎవరో చెప్పగా విన్నది. ఏ విషయం దొరికినా ముందు అది ఏ గడిలోదో తేల్చుకుని అప్పుడు రాయండి.

నడిపించేటప్పుడు నోట్లో మాట కూడా ఈ గడులను బట్టే మారాలి. చూసినదానికి "ఇదిగో, ఉంది" అనండి. చదివినదానికి "ఫలానా చోట రాసి ఉంది" అనండి. విన్నదానికి చివర "అట" చేర్చండి. మన భాషలో ఆ రెండక్షరాల మాట చేసే పని ఇంతా అంతా కాదు. "ఇక్కడ సొరంగం ఉండేదట" అంటే విన్నవాడికి అది ఎంతవరకు నమ్మాలో తెలిసిపోతుంది. అదే "ఇక్కడ సొరంగం ఉండేది" అని కొట్టేస్తే, రేపు వాడు ఇంకో పదిమందికి అదే నిజమని చెబుతాడు.

సారంగధరుడి మెట్ట దీనికి మంచి ఉదాహరణ. రాజరాజ నరేంద్రుడి కొడుకు సారంగధరుడనీ, సవతి తల్లి చిత్రాంగి చెప్పిన చాడీ విని రాజు అతని కాళ్లూ చేతులూ నరికించాడనీ, అది ఆ మెట్ట మీదే జరిగిందనీ చిన్నప్పటి నుంచి వింటున్నాం. ఇది మూడో గడి. మెట్ట అక్కడే ఉంది, పేరూ ఉంది. అది మొదటి గడి. ఇక రెండో గడికి వస్తే, రాజరాజ నరేంద్రుడి కొడుకుగా శాసనాలు చూపించేది 1070లో చోళ సింహాసనం ఎక్కిన కులోత్తుంగ చోళుణ్ని. మూడూ చెప్పండి, దేని మాటలో దాన్ని చెప్పండి. కథ చెప్పొద్దని నేను అనను. ఆ కథను వందల ఏళ్లుగా జనం పాడుకున్నారు, ఆడుకున్నారు. అది కూడా ఊరి చరిత్రలో ఒక పొరే.

3. తేదీని మూడుసార్లు తట్టి చూడండి

పాత రాతల్లో తేదీలు మన క్యాలెండరులో ఉండవు. ఈ మూడు లెక్కలు తెలిస్తే చాలా పని అయిపోతుంది.

శక సంవత్సరం కనిపిస్తే 78 కలపండి. నన్నయ్య రచించిన నందంపూడి శాసనం శక 975, అంటే 1053. సంవత్సరం మారే నెలల దగ్గర ఒక ఏడు అటూ ఇటూ కావచ్చు.

హిజ్రీ సంవత్సరానికి అలా ఒకే అంకె కలిపితే కుదరదు, ఎందుకంటే చాంద్రమానంలో ఏడాది దాదాపు 11 రోజులు తక్కువ. పట్టిక చూడాల్సిందే. హిజ్రీ 724 అంటే 1324.

ప్రభవ, విభవ పేర్లు 60 ఏళ్లకోసారి తిరిగొస్తాయి. ఎవరైనా పెద్దాయన "నందన కరువు" అంటే ఏ నందన అని అడగాలి. 2012లో వచ్చింది, 1952లో వచ్చింది, 1892లో, 1832లో కూడా వచ్చింది. ఆనకట్టకు ముందు గోదావరి జిల్లాను కుంగదీసిన ఆ పెద్ద కరువు 1832–33 నాటిది.

ఇంటి వయసు విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. ఒకసారి నేను ఒక మండువా లోగిలి ముందు పదిహేనుమందిని నిలబెట్టి, ఇంటివాళ్లు చెప్పిన మాటే తీసుకుని "ఇది రెండొందల ఏళ్ల ఇల్లు" అన్నాను. గుంపులో ఒక రిటైర్డ్ ఓవర్సీరు గారు ఉన్నారు. ఆయన ఏమీ అనకుండా నన్ను లోపలికి తీసుకెళ్లి పైకి చూపించారు. వసారా దూలాల్లో రెండు కర్రవి కావు, పాత రైలు పట్టాలు. సున్నం పొరలు ఊడిన చోట పట్టా తల, నడుము, పాదం స్పష్టంగా కనిపిస్తున్నాయి. "బాబూ, మన గోదారి వైపుకి రైలు వచ్చిందే 1890ల్లో కదా" అన్నారు. నాకు సిగ్గేసింది. బయటికొచ్చి అందరికీ నా మాట సరిదిద్దుకున్నాను. గోడలు అంతకంటే పాతవై ఉండొచ్చు, కానీ ఆ కప్పు మాత్రం రైలు తర్వాతదే.

ఆ రోజు నుంచి ఏ ఇంటి ముందు ఆగాలన్నా ఇవి చూసుకున్నాకే ఆగుతున్నాను:

- దూలం: కర్రా, ఇనుమా? ఇనుము అయితే దాని మీద కంపెనీ పేరు ఉబ్బెత్తుగా ఉండొచ్చు.
- కప్పు: గూనపెంకా, బంగాళా పెంకా? మంగుళూరు వైపు ఈ బంగాళా పెంకుల తయారీ మొదలైంది 1860ల్లో. పెంకు వెనక కంపెనీ ముద్ర ఉంటుంది. అయితే కప్పులు మారుస్తుంటారు, కాబట్టి పెంకు చెప్పేది కప్పు వయసే.
- గోడ: ఇటుకల మధ్య గానుగ సున్నమా, సిమెంటా? ఇటుక మందం ఎంత?
- గడప, ద్వారబంధం: ఒకే కర్రా, తర్వాత మార్చారా?

4. పెద్దవాళ్ల దగ్గరికి ఖాళీ చేతుల్తో, ఖాళీ తీరికతో వెళ్లండి

రికార్డింగ్ ఆన్ చేసి ఫోను ముఖం మీద పెట్టకండి. మొదటిసారి ఊరికే కూర్చోండి. అరుగు మీద కూర్చుంటే చాలు, "ఆయ్, లోపలికి రండి, కాఫీ తాగి వెళ్దురు గాని" అన్న పిలుపు మన వైపు దానంతటదే వస్తుంది.

"మీ వీధి చరిత్ర చెప్పండి" అని అడిగితే ఎవరికీ ఏమీ గుర్తురాదు. చిన్న చిన్న ప్రశ్నలు వేయండి. నీళ్లు ఎక్కడి నుంచి తెచ్చుకునేవారు? ఈ వీధికి కరెంటు ఎప్పుడొచ్చింది, మీ పెళ్లికి ముందా తర్వాతా? పడవ ఎక్కాలంటే ఏ రేవుకి వెళ్లేవారు? ఎనభయ్యారు వరదకి నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయి?

ఈ చివరి ప్రశ్న డెల్టాలో ఎక్కడైనా పని చేస్తుంది. 1986 ఆగస్టు వరద చూసినవాళ్లు ఇంకా ఉన్నారు. గట్టు దిగువన ఒక ఇంట్లో మామ్మ గారిని అడిగితే మాటల్తో చెప్పలేదు. లేచి వెళ్లి, ద్వారబంధం పక్కన గోడకి అరచెయ్యి ఆనించి "ఇదిగో, ఇక్కడికి" అన్నారు. ఆవిడ చెయ్యి ఆవిడ భుజం కంటే పైన ఉంది. తర్వాత నేను ఆ ఇంటి ముందు గుంపుని ఆపిన ప్రతిసారీ ఆవిడనే పిలిచి చూపించమనేవాణ్ని. నేను ఎన్ని క్యూసెక్కుల లెక్కలు చెప్పినా ఆ చెయ్యి చెప్పినంత చెప్పలేను.

ఇంటివాళ్ల పేరు, ఫోటో, వాళ్ల ఇంటి సంగతి బయట చెప్పాలంటే ముందు అడగండి. వద్దంటే వద్దు.

5. దారి గీసుకుని, టైము లెక్క వేసుకోండి

రెండున్నర గంటలు దాటకూడదు. లెక్క ఇలా:

- రెండు కిలోమీటర్ల నడక, గుంపు వేగంతో: 45 నిమిషాలు
- ఏడు మజిలీలు, ఒక్కోటి 10 నిమిషాలు: 70 నిమిషాలు
- టీ, మంచినీళ్లు: 20 నిమిషాలు
- ఆలస్యాలకి: 15 నిమిషాలు

మొత్తం 150 నిమిషాలు. ఎనిమిదో మజిలీ పెట్టాలనిపిస్తే ఉన్నవాటిలో ఒకటి తీసేయండి.

ఏది ముందు చూపించాలన్నది కాలక్రమాన్ని బట్టి కాదు, పాదాలను బట్టి నిర్ణయించండి. పదకొండో శతాబ్దం నుంచి మొదలుపెట్టి వరసగా రావాలని పట్టుబడితే ఒకే వీధిలో మూడుసార్లు అటూ ఇటూ తిరగాల్సి వస్తుంది. పొరలు కలిసిపోయి ఉండటమే పాత ఊరి లక్షణం. కాలాన్ని గుర్తుంచుకోవడానికి అరచేతిలో పట్టేంత కాగితం మీద ఒక గీత గీసి, శతాబ్దాలు గుర్తులు పెట్టి అందరికీ ఇవ్వండి. ప్రతి మజిలీలో "ఇప్పుడు మనం గీత మీద ఎక్కడున్నాం?" అని అడగండి.

6. ఒక్కో మజిలీకి ఒక్క పొరే: రాజమండ్రిలో ఎలా చేస్తానంటే

*పుష్కర ఘాట్.* పొద్దున్నే ఇక్కడ మొదలుపెడతాను. రాజమండ్రి గోదావరికి తూర్పు ఒడ్డున ఉంది కాబట్టి, పొద్దుటి పూట నది వైపు తిరిగి నిలబడితే ఎండ వీపు మీద పడుతుంది, వంతెనలు వెలుగులో కనిపిస్తాయి. సాయంత్రం అయితే ఎండ కళ్లలోకి కొడుతుంది.

ఇక్కడ నేను చెప్పేది వంతెనల గురించి మాత్రమే. రాతి స్తంభాల మీద ఇనప గర్డర్లున్నది హేవలాక్ వంతెన. 1897లో పని మొదలై 1900లో రైళ్లు తిరిగాయి, 1997 దాకా సేవ చేసింది. పైన రోడ్డు, కింద రైలు ఉన్నది 1974లో వచ్చింది. విల్లులా వంగిన కాంక్రీటు కమానులది 1997 నాటిది. రాయి, ఉక్కు, కాంక్రీటు. ముందు చెప్పేయకండి. "ఈ మూడింట్లో ఏది పాతది, ఎలా చెబుతారు?" అని అడిగి ఒక నిమిషం ఆగండి. పిల్లలే ముందు చెబుతారు.

*కోటగుమ్మం.* ఇక్కడ చూడాల్సింది పేరు. చుట్టూ దుకాణాలూ ట్రాఫిక్కూ తప్ప కోట కనిపించదు, కానీ ఆటోవాళ్లు రోజుకి వందసార్లు గుమ్మం పేరు పలుకుతారు. రాళ్లు పోయినా పేరు నిలబడుతుందని ఇక్కడ చెబుతాను. తర్వాత దారి పొడవునా కనిపించే పేర్లను జనమే చదువుకుంటూ వస్తారు: పేట, తోట, చెరువు, ఘాట్. ఇన్నీసుపేట లాంటి చోట ఇంగ్లీషు దొర పేరూ తెలుగు పేటా ఎలా అతుక్కున్నాయో వాళ్లకే తెలిసిపోతుంది.

*మెయిన్ రోడ్డు మసీదు.* ఇక్కడి పర్షియన్ శాసనం 1324 నాటిది. ఢిల్లీ సుల్తానుల సైన్యం గోదావరి దాకా వచ్చిన కాలానికి ఇది రాతి సాక్ష్యం. ఇలాంటి చోట గొంతు తగ్గించి, శాసనంలో ఏముందో అంతవరకే చెప్పండి. ఒకే స్థలంలో రెండు మతాల, రెండు రాజ్యాల పొరలున్నప్పుడు వినేవాళ్లలో ఒకరు గర్వంతోనో ఇంకొకరు బాధతోనో ఇంటికి వెళ్లేలా మాట్లాడకూడదు. వెళ్లేముందు మసీదు పెద్దలను కలిసి, నమాజు వేళలు తెలుసుకుని, వాళ్లు చెప్పిన టైముకే వెళ్లండి. శుక్రవారం వద్దు.

*వీరేశలింగం గారి ఇల్లు, టౌన్ హాలు.* 1881 డిసెంబరు 11న కందుకూరి వీరేశలింగం ఈ ఊళ్లోనే తొలి వితంతు వివాహం జరిపించారు. ఈ మజిలీలో ఉపన్యాసం ఇవ్వాలన్న కోరిక ఎవరికైనా కలుగుతుంది. ఆపుకోండి. ఆ పెళ్లికి పీటల మీద కూర్చున్న అమ్మాయి ఎంత చిన్నదో, వీధిలో వాళ్లు ఆ ఇంటివాళ్లతో మాటలు మానేస్తే పొద్దున్నే నీళ్లు తెచ్చేవాళ్లు, వంట చేసేవాళ్లు ఎవరో ఆలోచించమనండి. వీరేశలింగం గారి భార్య రాజ్యలక్ష్మమ్మ గారి పేరు తప్పకుండా చెప్పండి. ఆ ఇంటి పని మోసింది ఆవిడే.

*పాల్ చౌక్.* 1907 ఏప్రిల్‌లో బిపిన్ చంద్రపాల్ ఇక్కడికి వచ్చి మాట్లాడారు. ఆయన ఇంగ్లీషును చిలకమర్తి లక్ష్మీనరసింహం తెలుగు చేశారు. భరతఖండాన్ని పాడియావుతో పోల్చిన పద్యం ఆ సభల్లో పుట్టిందే. గుంపులో పద్యం వచ్చినవాళ్లు ఒకరైనా ఉంటారు; వాళ్లచేత చదివించండి, మీరు చదవకండి.

దామెర్ల రామారావు చిత్రశాల, రాళ్లబండి సుబ్బారావు మ్యూజియం, గౌతమీ గ్రంథాలయం లోపల కూర్చుని చూసేవి. వీటిని నడకలో కలిపితే రెండూ చెడతాయి. విడిగా ఒక పూట పెట్టండి. రామారావు 1897లో పుట్టి 1925లోనే పోయారు, ఇరవై ఎనిమిదేళ్లు కూడా నిండలేదు. ఆ బొమ్మల ముందు పది నిమిషాలు ఏం సరిపోతాయి?

ధవళేశ్వరం కూడా అంతే. కాటన్ ఆనకట్ట పని 1847లో మొదలై 1852కి పూర్తయింది. ఇప్పుడు మనం నడిచేది 1982లో పూర్తయిన బ్యారేజీ మీద. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలు. ఊరి నుంచి ఏడెనిమిది కిలోమీటర్లు, ఆటోలో వెళ్లి అక్కడే గంటన్నర నడవండి.

7. అనుమతులు, మర్యాదలు

- గుడి, మసీదు, చర్చి: వారం ముందు స్వయంగా వెళ్లి చెప్పండి. ఫోనులో సరే అన్నవాళ్లు ఆ రోజు డ్యూటీలో ఉండకపోవచ్చు.
- మ్యూజియం, గ్రంథాలయం: సెలవు రోజు, ఫొటోలకు నియమాలు, టికెట్ వివరాలు ముందే కనుక్కోండి.
- ఇళ్లు: ముందు రోజు సాయంత్రం ఇంకోసారి గుర్తు చేయండి. పెళ్లో, మైలో ఉంటే ఆ ఇల్లు వదిలేయండి.
- పాతికమంది దాటితే, ర్యాలీలా కనిపిస్తే స్థానిక పోలీసులకు ముందుగా రాసి ఇవ్వడం మంచిది. అసలు పదిహేను దాటనివ్వకపోవడం ఇంకా మంచిది.
- మైకు వద్దు. మైకు కావాలంటే గుంపు పెద్దదైందని అర్థం.

8. కాలం, వేళ, గోదారి నీళ్లు

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా బాగుంటుంది. కార్తీక సోమవారాలు, శివరాత్రి, పుష్కరాల రోజుల్లో ఘాట్ల దగ్గర మజిలీ పెట్టకండి. అది స్నానాలకు వచ్చినవాళ్ల చోటు. 2027 పుష్కరాల పనుల వల్ల ఘాట్ల దగ్గర దారులు మారవచ్చు. అందుకే నడకకి మూడు రోజుల ముందు మళ్లీ చూసి రండి.

ఏప్రిల్, మే నెలల్లో చేయాల్సి వస్తే ఆరింటికి మొదలుపెట్టి ఎనిమిదికల్లా ముగించండి. ఆ నెలల్లో కాలువలు కట్టేస్తారు కాబట్టి లాకుల దగ్గర అడుగు కట్టుబడి కనిపిస్తుంది. కాలువల గురించి నడక పెట్టుకోవాలంటే అదే అదను.

జులై, ఆగస్టుల్లో ఎర్ర నీళ్లు వచ్చాక నది చాలా అందంగా ఉంటుంది, అంతే ప్రమాదం. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటి హెచ్చరిక వచ్చిందంటే గుంపుని ఘాట్ మెట్ల మీదికి దింపొద్దు. గట్టు మీద నుంచే చూపించండి.

9. ఒట్టి నడక ఒకటి వేయండి

అసలు రోజుకి సరిగ్గా వారం ముందు, అదే వేళకి ఇద్దరు స్నేహితులతో మొత్తం నడవండి. ఒకరికి ఊరి చరిత్ర అసలు తెలియకూడదు. ఇంకొకరు మీ అమ్మగారో నాన్నగారో అయితే ఇంకా మంచిది. ఏ మెట్టు ఎత్తుగా ఉందో, ఎక్కడ కూర్చోవాలనిపించిందో వాళ్లే చెబుతారు.

గడియారం చూసి ప్రతి మజిలీలో మీరు ఎంతసేపు మాట్లాడారో రాసుకోండి. పది నిమిషాలనుకున్నది పద్దెనిమిది అవుతుంది. వినే స్నేహితుడు ఎక్కడ ఫోను తీశాడో గుర్తుపెట్టుకుని ఆ ముక్క కోసేయండి.

10. నడిపించే రోజు

చెప్పిన టైముకి పది నిమిషాలు ఆగి కదలండి, అంతకు మించి వద్దు. మొదట్లోనే ఎంత దూరం, ఎంతసేపు, టీ ఎక్కడ, టాయిలెట్ ఎక్కడ అన్నవి చెప్పేయండి. సగం మందికి ఉండే టెన్షన్ అదే.

ముందు మీరు, వెనక ఇంకొకరు. ఆఖరి మనిషి వచ్చి నిలబడేదాకా నోరు విప్పకండి. రోడ్డుకి వీపు మీరు పెట్టండి, వాళ్లు గోడ వైపు నీడలో నిలబడాలి.

సంచిలో ఉండాల్సినవి:

- నోటుబుక్, కాలరేఖ కాగితాలు
- పాత ఫొటోల పెద్ద ప్రింట్లు (ఫోను తెరలో ఎండకి ఏమీ కనిపించదు)
- మంచినీళ్లు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, బ్యాండేజీ
- చెప్పులు విడిచే చోట వేసుకోవడానికి పెద్ద సంచి
- చిన్న టార్చి: చీకటి మండపంలో శాసనం మీద పక్క నుంచి ఏటవాలుగా వేస్తే అరిగిన అక్షరాలు లేస్తాయి

శాసనం మీద సుద్ద, పిండి, నూనె రాయనివ్వకండి. చేత్తో రుద్దనివ్వకండి. ఆ టార్చి చాలు.

11. తరచూ జరిగే పొరపాట్లు, వాటికి మందు

*రాజుల జాబితా చదవడం.* చాళుక్యులు, కాకతీయులు, రెడ్లు, గజపతులు, కుతుబ్‌షాహీలు, ఫ్రెంచివాళ్లు, ఇంగ్లీషువాళ్లు అని ఒకే ఊపిరిలో చెబితే ఎవరికీ ఒక్క పేరూ మిగలదు. ఎదురుగా ఆనవాలు లేని రాజు పేరు ఎత్తకండి.

*గుంపులో ఒకాయన మీకంటే ఎక్కువ మాట్లాడటం.* ప్రతిసారీ ఒకరుంటారు. అడ్డుకోకండి. "మీరు చెప్పేది చాలా బాగుందండీ, టీ దగ్గర అందరం వింటాం" అని, నిజంగానే టీ దగ్గర ఐదు నిమిషాలు ఆయనకి ఇవ్వండి. కొత్త సంగతులు నాకు అలాంటివాళ్ల దగ్గరే ఎక్కువ దొరికాయి.

*జవాబు తెలియని ప్రశ్న రావడం.* ఊహించి చెప్పొద్దు. అందరి ముందే నోటుబుక్‌లో రాసుకుని, దొరికాక కబురు చేయండి.

*ఊళ్లో వాళ్లను బొమ్మల్లా చూడటం.* వీధి కుళాయి దగ్గర నీళ్లు పట్టుకుంటున్న ఆవిడను గుంపంతా ఫొటోలు తీస్తుంటే ఆవిడకి ఎలా ఉంటుంది? కెమెరాలు గోడల మీదికి, అదీ అడిగాక.

*తప్పు చెప్పేశాక నాలుక్కరుచుకోవడం.* అప్పుడే, అక్కడే సరిదిద్దండి. మర్నాడు సరిదిద్దితే సగం మందికి చేరదు.

12. నడవడానికి వచ్చేవాళ్లకి

బూట్ల కంటే పట్టీ ఉన్న చెప్పులు మేలు; గుళ్ల దగ్గర విప్పడం తేలిక, జారవు. ఇంట్లో ముసలివాళ్లను ముందు రోజు రాత్రి ఒక్క ప్రశ్న అడిగి రండి: "మన వాళ్లు ఈ ఊరికి ఎప్పుడొచ్చారు, ఎక్కడి నుంచి?" ఆ జవాబుతో వచ్చినవాళ్లకి ప్రతి మజిలీ వేరేగా వినిపిస్తుంది. చెప్పేవాళ్లను "ఇది మీకెలా తెలుసు?" అని మర్యాదగా అడగండి. మంచి గైడ్‌కి ఆ ప్రశ్న ఇష్టంగానే ఉంటుంది.

13. నడక అయ్యాక

అదే రోజు సాయంత్రం, నిద్రపోకముందే, కొత్తగా విన్నవి మూడు గడుల్లోకి ఎక్కించండి. రెండు రోజులైతే ఎవరు ఏం చెప్పారో కలిసిపోతుంది. గెజిటీర్‌లో ఒకసారి సరిచూసుకోండి. 1907 నాటి గోదావరి జిల్లా గెజిటీర్‌లో ఊళ్లవారీగా ఉన్న భాగం ఇలాంటి పనికి బాగా ఉపయోగపడుతుంది.

గుమ్మం తీసిన ప్రతి ఇంటికీ ఒక ఫొటో ప్రింటు వేయించి స్వయంగా తీసుకెళ్లి ఇవ్వండి. వాట్సాప్‌లో పంపి ఊరుకోకండి. వెళ్లేటప్పుడు నోటుబుక్ మరిచిపోవద్దు. రెండోసారి వెళ్లినప్పుడే చాలామంది పెట్టె తెరిచి, మడతల దగ్గర చిరుగుపట్టిన పాత దస్తావేజు బయటికి తీస్తారు. అందులో ముందుగా చెక్కుబందీ చదవండి. తూర్పున ఎవరి దొడ్డి, పడమర ఏ వీధి, ఉత్తరాన ఎవరి ప్రహరీ అని ఉంటుంది. ఆ వీధి పేరు ఇప్పుడు ఎవరికీ తెలియకపోతే, మీ తర్వాతి నడకకి మొదటి మజిలీ అదే.